తిరగేసిన ప్రశ్నపత్రం

అంకెలు మళ్ళీ కూడి చూశాను, మారలేదు. నర్సు ఉద్యోగాల పరీక్షకి ఏ, బీ అని రెండు సెట్ల ప్రశ్నపత్రాలు. ఏ సెట్ రాసినవాళ్ళ సగటు అరవై ఎనిమిది, బీ సెట్ వాళ్ళది అరవై రెండు. రెండింట్లోనూ అవే వంద ప్రశ్నలు! వరుస ఒక్కటే వేరు.

ఆ వరుస మార్చిన మహాతల్లిని నేనే. కాపీ కొట్టకుండా ప్రశ్నల్ని కలగలపమన్నారు. టైం లేదని ఏ సెట్‌ను చివరి నుంచి మొదటికి తిరగేసి, బీ అని పేరు పెట్టేశాను. ఏ సెట్ తేలికవాటితో మొదలై కష్టమైనవాటితో ముగుస్తుంది. అంటే బీ సెట్ వాళ్ళకి మొదటి పేజీలోనే ప్రాణాలు తోడేసే ప్రశ్నలు. నాడి ఎలా చూడాలన్న ప్రశ్న ఏ సెట్‌లో మొదటిది, అందరూ రాశారు. బీలో అది వందోది. మూడోవంతు మంది అక్కడిదాకా రానేలేదు. నాడి చూడటం రాని నర్సులుంటారా, నా మొహం!

నాలుగింటికి ఫలితాలు. ఉద్యోగాలు నలభై. జాబితాలో ముప్పై ఎనిమిదో స్థానం మా వదినది, ఆవిడ రాసింది ఏ సెట్. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి ఛాన్సు. అమ్మ పోయాక నాకు జడలు వేసి, పక్కన కూర్చుని చదివించిన మనిషి. బీ సెట్‌కి ఆరేసి మార్కులు కలిపితే ఆవిడ పేరు ఎగిరిపోతుంది.

తీసుకెళ్ళి చూపిస్తే మా ఆఫీసరు కాగితాలు వెనక్కి తోశాడు. "ప్రశ్నలు అవే కదమ్మా. ఎవరడుగుతారు? ఊరుకో, నీ ఉద్యోగం నిలబడుతుంది."

ఊరుకున్నాను. నిజం చెప్తున్నా, రెండు నిమిషాలు హాయిగా ఊరుకున్నాను. తర్వాత నామీద నాకే అసహ్యం వేసింది.

"తప్పు నాదని రాసిస్తాను సార్. ఇంకో మాట, ఆ జాబితాలో మా వదిన ఉంది. సరిచేస్తే ఉండదు."

ఆయన తలెత్తాడు. "పిచ్చిగానీ పట్టిందా నీకు?"

"పట్టింది. మార్కులు కలపమని సంతకం పెట్టండి."

నేను తప్పు ఒప్పుకుని రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివి, మూడూ యాభైకి పెట్టాడు. వదిన యాభై మూడో స్థానానికి జారింది.

నాలుగూ ఐదుకి ఫోన్. "ఏమేవ్, నా నంబరు కనపడట్లేదే. సరిగ్గా చూడవే ఒకసారి."

"లేదు వదినా. నావల్లే పోయింది." ఏడుపు ఆగలేదు నాకు.

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత అంది, "ఛ, ఊరుకో పిచ్చిపిల్లా. నీవల్ల ఎందుకు పోతుందే? రాసింది నేను, రానిది నాకు."