కిక్కరు ఏ ఏడాదిది

కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం పోయే దారిలో, నల్లరేగడి మధ్య ఉన్న ఆ పల్లెలో కోళ్ళకు బద్ధకం ఎక్కువ. వాటిని నమ్ముకున్నవాళ్ళు పొలానికి ఎప్పుడూ ఆలస్యంగానే చేరేవాళ్ళు. మిగతా ఊరంతా తంగమ్మాళ్ ఇంటి వాకిట్లో ఉన్న మోటారు సైకిలును నమ్ముకుంది. చీకటి పలచబడే వేళకు దాని కిక్కరు తనంతట తాను కిందికి దిగేది. మొదట మెల్లగా, ఎవరో కాలు ఆనించి బరువు చూసుకున్నట్టు. ఇంకోసారి మెల్లగా. ఆ తర్వాత గట్టిగా, అడుగుదాకా. ఇంజను మాత్రం పలికేది కాదు. లోపల గాలి బుస్సుమని ఊరుకునేది. ఆ చప్పుడుకు ఆడవాళ్ళు లేచి చాపలు చుట్టేవాళ్ళు, మగవాళ్ళు ఎద్దులకు మేత వేసేవాళ్ళు.

"లక్ష్మణసామి తన్నేసినాడు, లేయండిరా" అని పిల్లల్ని లేపడం ఆ ఊళ్ళో అలవాటైపోయింది.

లక్ష్మణసామి తంగమ్మాళ్‌కు ఒక్కగానొక్క కొడుకు. పెద్ద యుద్ధం జరిగేటప్పుడు, 1915 చివర్లో, సైన్యంలో మోటారు సైకిలు నడిపే పనికి బస్రా వెళ్ళాడు. పెళ్ళయి ఏడాది నిండని భార్య ముత్తమ్మాళ్‌ను తల్లి దగ్గర వదిలి వెళ్ళాడు. యుద్ధం ముగిసింది, వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు, అతను రాలేదు. చచ్చిపోయాడని సర్కారు చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు. 1917 నుంచి కనపడటం లేదని మాత్రం చెప్పింది. అంతమాత్రం చెప్పడానికి సర్కారెందుకు, కనపడటం లేదని ఇంట్లోవాళ్ళకు రోజూ తెలుస్తూనే ఉంది.

బస్రా నుంచి వచ్చిన పాత సైన్యం బండ్లను మదురైలో వేలం వేస్తున్నారని 1923లో తండ్రి గురుసామి చెవిన పడింది. కొడుకు ఎక్కింది ఇలాంటిదే కదా అని, వేలంలో ఒకటి పాడుకుని, కోవిల్‌పట్టి స్టేషనులో దింపించి, ఎద్దుల బండి మీద ఇంటికి తెచ్చాడు. దాన్ని నడపడం ఆయనకు రాదు, ఊళ్ళో ఇంకెవరికీ రాదు. మర్నాడు తెల్లవారుజామున కిక్కరు దిగింది. గురుసామి తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకుని, "వాడే. యాడనో ఉండి స్టార్ట్ చేస్తా ఉండాడు. ఇంజను పట్టుకునిందంటే ఇంటికి వచ్చేస్తాడు" అన్నాడు. ఎవరూ కాదనలేదు. కొన్నాళ్ళకు గురుసామి పోయాడు. కిక్కరు మాత్రం రోజూ దిగుతూనే ఉంది, ముత్తమ్మాళ్ రోజూ దాని చప్పుడు వింటూనే ముప్పై దాటింది.

వాళ్ళల్లో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయిన ఆడది ఇంకొకరిని కట్టుకుంటే కులపెద్దలు వచ్చి కూర్చుని తాంబూలం పుచ్చుకుంటారు. కాని మొగుడు పోయినట్టు తేలాలి. తెల్లారితే కిక్కరు తన్నే మనిషి పోయాడని ఏ పెద్దమనిషి అనగలడు? అందుకని ముత్తమ్మాళ్ సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. చివరికి ఎత్తింది అత్తగారే.

"ఏమ్మే ముత్తూ, మీ మామ చెప్పినాడని మనం నమ్మేసినాము. ఆ బండి వాడు నడిపిందే అని ఏం సాచ్చి ఉండాది? ఇంకెవరి బిడ్డో తంతా ఉంటే, దానికి నీ బతుకు ఎందుకు పాడైపోవాల?"

"అది ఎట్ల తెలుసుకునేది అత్తా?"

"ఏ ఏడాది చేసిన బండో తెలిస్తే చాలదా? వాడు కనపడకుండా పొయినాక చేసిందయితే, అది వాడిది కాదు. ఎదురుచూసేదానికి తల్లిని నేనొకతె చాలు."

అలా 1929లో, పత్తి ఏరడం అయిపోయాక, విరుదునగర్ నుంచి సుబ్బురాజ్‌ను పిలిపించారు. తంగమ్మాళ్‌కు చెల్లెలి వరసయ్యే ఆమె కొడుకు అతను. అక్కడి పత్తి మిల్లులో ఇంజను చూసుకునేవాడు. యుద్ధకాలంలో బస్రా వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉండి వచ్చినవాడు కనక ఆ బండ్లు అతనికి కొట్టినపిండి. భార్య వాంతిబేదితో పోయి చాలాకాలమైంది. మళ్ళీ పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ముత్తమ్మాళ్‌ను ఏ పెళ్ళిలోనో ఏ చావులోనో చూసినప్పుడల్లా అతనికి నాలుగు రోజులు అన్నం సయించేది కాదని అతని తల్లికి మాత్రం తెలుసు.

సుబ్బురాజ్ వాకిట్లో గొంతుక్కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో ఇంజను తుడిచాడు. ముత్తమ్మాళ్ గుంజకు ఆనుకుని నిలబడింది.

"ఆయన కుడికాలు లోపలికి తిరిగి ఉండేది మరిదీ. చిన్నప్పుడు బండి చక్రం ఎక్కేసింది. చెప్పు గూడా లోపలి అంచే అరిగిపొయ్యేది" అంది, అడగకుండానే.

సుబ్బురాజ్ తలూపి ఇంజను మీద గుద్దిన అంకెలు చదివాడు. వెనక్కి జరిగి ట్యాంకు చూశాడు.

"యుద్ధం అప్పటి బండ్ల అంకెలు ఇంత దూరం రాలేదు పెద్దమ్మా. అప్పట్లో ట్యాంకు పెట్టె మాదిరి పలకలుగా ఉండేది, ఇది గుండ్రంగా ఉండాది. అప్పుడు వెనక చక్రానికి తోలు బెల్టు, దీనికి చైను. ఇది ఇరవై ఒకటిలో చేసిన బండి. సందేహమే లేదు."

తంగమ్మాళ్ అరుగు మీద కూలబడింది. సుబ్బురాజ్ చివరగా కిక్కరు దగ్గరికి వచ్చాడు. కాలు మోపే పెడలు బయటి అంచున గీతలు కొత్తవాటిలాగే ఉన్నాయి. లోపలి అంచు మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది. అతని చెయ్యి ఆగింది. బొటనవేలితో కిక్కరు కాడ వెనక పేరుకున్న గ్రీజు తుడిచి చూశాడు. సైన్యం వాళ్ళ బాణం గుర్తు, దాని పక్కన 15 అన్న అంకె. పెడలు కూడా మడిచే రకం కాదు. ఆ మడవని రకం యుద్ధం నడుమలోనే ఆగిపోయింది.

బస్రాలో ఏం చేసేవాళ్ళో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పడిపోయిన బండిలో పనికొచ్చేది ఏదున్నా ఊడదీసి ఇంకోదానికి తగిలించేవాళ్ళు. అతనే ఎన్నిటికో తగిలించాడు. బండి 1921ది. కిక్కరు 1915ది.

సుబ్బురాజ్ తలెత్తి చూశాడు. గుంజ దగ్గర ముత్తమ్మాళ్ చీర కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడి ఉంది. అతను తుడిచిన గ్రీజునే మళ్ళీ ఆ అంకె మీద పూశాడు.

"అయితే ఆయన కాదా?" అని అడిగింది ఆమె.

"ఈ బండి ఆయన ఎక్కింది కాదు" అన్నాడు సుబ్బురాజ్.

ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు, చూడండి. అబద్ధమే ఆడి ఉంటే ఏ దేవుడికో ముడుపు కట్టి చెంపలేసుకునేవాడు. నిజం చెప్పి తప్పుచేసినవాడికి ఆ దారీ ఉండదు.

పన్నెండేళ్ళుగా జాడలేని మనిషి పోయినట్టేనని తేల్చి పెద్దలు తాంబూలం పుచ్చుకున్నారు. సుబ్బురాజ్‌తో ముత్తమ్మాళ్ పెళ్ళి నిరాడంబరంగా జరిగింది. ముత్తమ్మాళ్‌ను పంపేటప్పుడు తంగమ్మాళ్ బండిని కూడా తీసుకుపొమ్మంది. "ఎవరి బిడ్డో పాపం. వాడి తల్లి ఏ ఊళ్ళో కాచుకుని ఉండాదో. తెల్లారి లేచి వాడి చప్పుడు వినేదానికి నాకు మనసు రాదు, తీసకపోండి" అంది. బండి విరుదునగర్ చేరింది, పల్లె మళ్ళీ కోళ్ళ పాలైంది.

విరుదునగర్ పెరట్లో కూడా కిక్కరు తెల్లవారుజామున దిగేది. ఇరుగుపొరుగువాళ్ళు రెండు రోజులు గోడ మీంచి చూసి, మూడో రోజు నుంచి ఆ చప్పుడుకు పొయ్యి వెలిగించుకోవడం మొదలుపెట్టారు. సుబ్బురాజ్ మంచి మొగుడు. మిల్లు నుంచి వచ్చి, చేతులు శుభ్రంగా కడుక్కుని గాని ఆమెను పిలిచేవాడు కాదు. ముత్తమ్మాళ్ నవ్వడం మొదలుపెట్టింది. అతనికి అంతకంటే కావలసింది ఏమీ లేదు. కాని రోజూ కిక్కరు దిగగానే ఆమె కళ్ళు తెరిచి, "పాపం, ఈ తన్నే ఆయన పెండ్లాం ఎవరో. ఇంకా ఎదురుచూస్తా ఉంటుంది కదా?" అనేది. అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎంతకాలం ఆ మాట వింటూ పడుకుంటాడు? ఒకరోజు ఆమె నీళ్ళకు వెళ్ళినప్పుడు కిక్కరు విప్పి, గోనెగుడ్డలో చుట్టి, మిల్లు కొలిమికి తీసుకెళ్ళి కరిగించేశాడు. ఆ ఇనుము ఏ మేకులుగానో మారిపోయింది. బోల్టు అరిగిపోయిందని ఆమెకు చెప్పాడు.

మర్నాడు తెల్లవారుజామున నిద్రలో ఉన్న సుబ్బురాజ్ కుడికాలు పైకి లేచింది. మెల్లగా దిగింది. మళ్ళీ లేచి మెల్లగా దిగింది. మూడోసారి మంచం నులక కిర్రుమనేలా గట్టిగా తన్నింది. పాదం లోపలికి తిరిగి ఉంది.

అతను లేచి కూర్చునేసరికి ముత్తమ్మాళ్ చీకట్లో ఆ పాదాన్నే చూస్తోంది. రోజూ కాలు తన్నేది, ఆమె చూసేది, లేచి పోయేది. చివరికి ఒక సాయంత్రం అతను భోజనం చేస్తుండగా ఎదురుగా కూర్చుంది.

"బండి ఏ ఏడాదిదో చెప్పినారు. కిక్కరు ఏ ఏడాదిది?"

సుబ్బురాజ్ కలిపిన ముద్ద వదిలేశాడు.

"పదిహేనుది. లోపలి అంచు అరిగి ఉండె. చూసినాను ముత్తూ. నువ్వు దక్కవని చెప్పలేదు. ఆయన ఎక్కిన బండి కాదన్నది నిజమే గాని, ఆయన కాలు పెట్టిన ఇనుము అదొక్కటే మిగిలింది. దాన్ని నేను కరిగించేసినాను. ఇప్పుడు ఆయనకు తన్నేదానికి ఏమీ లేదు. నా కాలు తప్ప ఏమీ లేదు."

ఆమె అరుస్తుందనుకున్నాడు, పుట్టింటికి పోతుందనుకున్నాడు. ఆమె ఎంగిలి కంచాన్ని పక్కకు జరిపింది.

"ఆ పెడలు రోజూ తుడిచింది నేనే గదా. అరిగింది నా కంటికి కనపడలేదని చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? మీరు కాదన్నారు, నేను మళ్ళీ అడగలేదు. అడిగితే మీరు చెప్పేసి ఉంటారు. దానికే అడగలేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అత్తకు చెప్పల్ల. ఆమె మాత్రం ఏ పాపమూ చేయలేదు."

వాళ్ళు కోవిల్‌పట్టి రైలెక్కారు. సంగతి విన్న తంగమ్మాళ్ సుబ్బురాజ్‌ను ఒక్క మాట కూడా తిట్టలేదు. వాకిట్లో, బండి ఉండే చోటనే, అతనికి మంచం వేయించింది. తెల్లవారుజామున కాలు లేచేసరికి పక్కన కూర్చుని ఉంది. ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, లోపలికి తిరిగిన వేళ్ళను తడిమి, "నాయనా లక్ష్మణా, వాళ్ళు కాదన్నారని నేనూ నిన్ను కాదనేసినాను. గట్టిగా తన్నురా. ఇంకా గట్టిగా తన్ను" అని ఏడ్చింది. సుబ్బురాజ్ కళ్ళు మూసుకుని పడుకున్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత అతను విరుదునగర్ పోలేదు. మిల్లు పని మానేసి, లక్ష్మణసామి పొలమే దున్నుతూ, లక్ష్మణసామి తల్లిని చూసుకుంటూ ఆ పల్లెలోనే ఉండిపోయాడు. ముత్తమ్మాళ్ అతన్ని వదల్లేదు. కూడు పెట్టేది, జ్వరమొస్తే తల ఒత్తేది, పొలంలో పక్కనే కలుపు తీసేది. ఆ నవ్వు మాత్రం మళ్ళీ రాలేదు. ఇంజను ఎప్పటికైనా పట్టుకుంటుందా అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, మనిషి కాలికి ఇంజను ఎక్కడుంది? అయినా వాకిట్లో ముగ్గురూ రోజూ కాచుకునేవాళ్ళు. అవతల ఎక్కడో ఆ మనిషి పట్టు వదలకుండా తన్నుతున్నాడని, తన్నినన్నాళ్ళూ బతికే ఉన్నాడని వాళ్ళకు తెలుసు.

1934లో, వాన వెలిసిన ఒక తెల్లవారుజామున సుబ్బురాజ్ మేలుకుని కాలికోసం చూస్తూ పడుకున్నాడు. తంగమ్మాళ్ మంచం పక్కన కూర్చుని ఉంది. ముత్తమ్మాళ్ గడపలో ఉంది. తూర్పు తెల్లబడింది. కాకులు లేచాయి. కాలు లేవలేదు.

అతను వేళ్ళు కదిలించి చూశాడు. అతను చెప్పినట్టు కదిలాయి. పాదం తిన్నగా ఉంది. ఇన్నేళ్ళకు కాలు తనదైంది. ఒక్క క్షణం అతనికి సంతోషమే కలిగింది, అది దాచిపెట్టడం ఎందుకు? మరుక్షణం తంగమ్మాళ్ ముఖం చూశాడు. ఆమె ఇంకా పాదం వైపే వంగి ఉంది. తనే తన్నేస్తే ఏం పోయింది అనిపించింది. మెల్లగా రెండుసార్లు, గట్టిగా ఒకసారి. పాదాన్ని కాస్త లోపలికి తిప్పితే చాలు, ఆమె బతికినన్నాళ్ళూ కొడుకు బతికే ఉంటాడు. మోకాలు మడిచాడు కూడా. గడపలోంచి ముత్తమ్మాళ్ చూస్తోంది.

సుబ్బురాజ్ కాలు చాపేసి, లేచి కూర్చున్నాడు.

"ఈ పొద్దు ఆయన తన్నలేదు పెద్దమ్మా. ఇది నా కాలే" అన్నాడు.

తంగమ్మాళ్ చెయ్యి అతని పాదం మీదే ఉండిపోయింది. ముత్తమ్మాళ్ పెరట్లోకి వెళ్ళి, తల మీద నీళ్ళు పోసుకుని, నుదుటి బొట్టు చెరుపుకుని వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. ఏడుపు విని ఊరి ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. మొగుడు కళ్ళెదుట ఉండగా బొట్టు ఎందుకు తీసిందని ఒక్కరూ అడగలేదు. మగవాళ్ళు తుండుగుడ్డలు భుజం మీంచి తీసి అరుగు మీద కూర్చున్నారు.

లక్ష్మణసామికి తోడబుట్టినవాళ్ళు లేరు. వరసకు తమ్ముడయ్యేవాడు సుబ్బురాజ్ ఒక్కడే. అతను చొక్కా విప్పి పక్కన పెట్టి, మంగలికి కబురు పంపించి, నూతి గట్టు దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు.