ముక్కున పడాల్సిన ఎరుపు

నేను ఒక కాల్చే యంత్రాన్ని. అలాగని నాకు అగ్గిపుల్లతో పని లేదు, కిరసనాయిలు వాసన అసలే గిట్టదు. నాలుగు అల్యూమినియం కమ్మీలు, రెండు రబ్బరు బెల్టులు, వాటి మీద అటూ ఇటూ పరిగెత్తే గుప్పెడంత తలకాయ, అందులోంచి సూదిమొనంత నీలి వెలుగు. ఇంతే నా ఒళ్ళు. బల్ల మీద పట్టేస్తాను కాబట్టి టేబుల్ లేజర్ అంటారు. చెక్క మీద బొమ్మ కాల్చమంటే కాలుస్తాను, కోయమంటే కోస్తాను, వెంట్రుకవాసి తేడా రానివ్వను. నా గొప్ప నేను చెప్పుకుంటున్నానని నవ్వకండి. ఇంకెవరూ చెప్పనప్పుడు మనమే చెప్పుకోవాలి.

పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో ఒకే రోజు నాలాంటివాళ్ళం నాలుగు వందల మందిమి పుట్టాం. అంతమంది కవలలుంటే ఎవరిని ముద్దు చేస్తారు? థర్మాకోల్ మధ్య ముక్కలు ముక్కలుగా పడుకుని బందరు చేరాను. అక్కడ మల్లిబాబు అనే ఆయన తన బహుమతుల దుకాణంలో నన్ను బిగించుకున్నాడు.

మనుషుల గురించి తెలుసుకోవలసింది సగం అక్కడే తెలుసుకున్నాను. రిటైరయ్యే ప్రతి ఆఫీసరూ నిష్కళంక సేవామూర్తే. ఆ మాటలు నాకు కంఠతా వచ్చేశాయి, పేరొక్కటే మార్చేవారు. ఒకాయన తన పేరు పక్కన కాస్త చోటు మిగిలిందని అప్పటికప్పుడు ఇంకో బిరుదు చేర్పించుకున్నాడు. ఒక హోటలు వాళ్ళు గోడలకి తగిలించుకోవడానికి పాత కలంకారీ అచ్చుల్లా కనపడే చెక్కలు కావాలన్నారు. నలభై చేసి ఇచ్చాను. అసలైన అచ్చు ఎలా ఉంటుందో మాత్రం అప్పటికి నాకు తెలియదు.

ఆ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని నాకు బొమ్మలు అందించే మనిషి త్రిపుర. ముప్ఫై ఏళ్ళుంటాయి. రోజూ పెడన నుంచి బస్సులో వచ్చేది. మల్లిబాబు నాకంటే పెద్ద యంత్రం కొన్నాక నన్ను ఆమెకే అమ్మేశాడు. అలా నేను పెడనలో లక్కోజు నాంచారయ్య ఇంటి వసారాలోకి వచ్చి పడ్డాను.

నాంచారయ్య త్రిపుర తండ్రి. అద్దకపు షెడ్డులకు టేకు చెక్కతో అచ్చులు చెక్కడం ఆయన పని. యాభై ఏళ్ళు చేశాడు. రెండేళ్ళ క్రితం కంటి నరం దెబ్బతింది, ఇక చూపు రాదని డాక్టర్లు తేల్చేశారు. వెలుగూ నీడా తప్ప ఆయనకేమీ కనపడదు. ఇరవై రెండు ఉలులు పెట్టెలో నూనె పట్టించిన గుడ్డ కింద పడుకున్నాయి. వాటిని అద్దాల బీరువాలో పెట్టుకుంటానని హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి అడిగితే, మూడు వారాలాగి ఆదివారం నాడు వచ్చి పట్టుకెళ్ళమని మాటిచ్చేశాడు.

త్రిపురకి ఆ మాట గుండెల్లో గునపంలా దిగింది. ఉలులు ఇల్లు దాటితే ఈ పని తన తండ్రితోనే సరి. తనకి పని రాదు మరి. అచ్చు చెక్కేవాళ్ళు నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, చెక్కని రెండు పాదాల మధ్య అదిమిపట్టి చెక్కుతారు. ఆడపిల్ల అలా కూర్చుంటే బాగుండదని నాంచారయ్య ఆమెని చిన్నప్పటి నుంచీ ఆ చాప దగ్గరికే రానివ్వలేదు. ఎంత మంచి పనివాడైనా మనిషి ఎక్కడో ఒకచోట మూర్ఖుడే అవుతాడు.

నేను వచ్చిన వారానికే అద్దకం షెడ్డు నడిపే రామతులసమ్మ వచ్చింది.

"అన్నయ్యా, చిలకతీగ అంచు రేఖ అచ్చు నిట్టనిలువునా చీలింది. ఎరుపు అచ్చు, పచ్చ అచ్చు బానే ఉన్నాయి. గుడ్డంతా రంగు పట్టేలా కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసుకుని కూర్చున్నా. ఇప్పుడెట్టా?"

ఒక బొమ్మకి ఒక్క అచ్చు చాలదు. ముందు రేఖ అచ్చుతో నల్లగా గీతలు అద్దుతారు. తరవాత ఏ రంగుకి ఆ రంగు అచ్చుతో ఆ గీతల లోపల నింపుతారు. గీతలే లేకపోతే ఎరుపు ఎక్కడ కూర్చోవాలి?

"నా కళ్ళు చూత్తానే ఉన్నావుగా అమ్మా," అన్నాడు నాంచారయ్య.

"నేను చేస్తానత్తా," అంది త్రిపుర. "మిషనుంది."

నాంచారయ్య నావైపు ముఖం తిప్పాడు. "కాల్చిన చెక్క కట్టె అవుద్ది గానీ అచ్చవుద్దంటే?"

నాకు ఒళ్ళు మండింది. అసలే మండే ఒళ్ళు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. త్రిపుర మర్నాడే పాత చీర అంచుని ఫోనులో ఫొటో తీసింది, కంప్యూటర్లో గీతలు శుభ్రం చేసింది, టేకు చెక్కని నా కింద పెట్టి మీట నొక్కింది. నా పనితనం మీరు చూసి తీరాల్సింది. చిలక ఈకల మధ్య దారప్పోగంత సందు కూడా వదలకుండా కాల్చాను. పొగ వాసన వీధి చివరి దాకా వెళ్ళింది. త్రిపుర అచ్చుని తీసుకెళ్ళి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో చిలకని తలనుంచి తోకదాకా తడిమాడు. "బాగుంది. తీసుకెళ్ళి అద్దు," అన్నాడు.

షెడ్డులో అద్దితే రేఖ నల్లగా పడింది. దాని మీద ఎరుపు అచ్చు వేశారు. ముక్కున పడాల్సిన ఎరుపు వెళ్ళి తోక మీద పడింది. పువ్వులో నిండాల్సింది గాల్లో వేలాడింది. పనివాళ్ళు నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. గుడ్డ మీద చిలక కుడికి చూడాలంటే అచ్చు మీద ఎడమకి చూడాలి. రబ్బరు స్టాంపు చూసినవాళ్ళెవరికైనా తెలిసే సంగతే. కానీ త్రిపుర రెండేళ్ళుగా చేయించిందంతా గోడకి తగిలించుకుని చూసే చెక్కలు. గుడ్డ మీద అద్దే చెక్క దారి వేరని ఆ హడావుడిలో తట్టలేదు. నాకు తట్టలేదా అని మీరడగొచ్చు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే నా ధర్మం. ఈ సాకు మల్లిబాబు దుకాణంలో చాలామంది ఆఫీసర్ల దగ్గర విన్నాను.

ఆమె కళ్ళనీళ్ళతో ఇంటికొచ్చింది.

"నీకు ముందే తెలుసా నాన్నా?"

"చెయ్యి పెట్టగానే తెలిసింది."

"మరి చెప్పలేదే?"

"మా నాన్న నాకు చెప్పాడా? ఎరుపు తోక మీద పడితేనే గుర్తుండుద్ది."

రెండో చెక్కకి బొమ్మ తిప్పి ఇచ్చింది. ఈసారి ఎరుపు ముక్కుకి సరిగ్గా కుదిరింది గానీ కొత్త గొడవ వచ్చింది. అచ్చు రంగులో ముంచి గుడ్డ మీద గుద్దితే గీతల మధ్య ఖాళీ కూడా మసిమసిగా అంటుకుంది. గీతల చుట్టూ పావు అంగుళం లోతు ఉండాలట. నేను కాల్చింది గోరు మందం. ఇంకా లోతుకి దిగమని అదే చోట ఆరేడుసార్లు తిప్పింది. దిగాను. దిగుతున్న కొద్దీ ఈకల గీతలు బొగ్గై విరిగిపోయాయి. నా వల్ల కాని పని ఒకటుందని అప్పుడు తెలిసింది. నిజం చెప్పాలంటే సిగ్గుపడ్డాను. ఆదివారానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

మూడో చెక్క మీద ఆమె నన్ను ఒక్కసారే తిప్పింది, ఈసారి చుట్టూ ఉన్న ఖాళీని కాదు, గీతల్నే, అదీ కనపడేంత వరకే. తండ్రి టీ కొట్టుకి వెళ్ళిన వేళ చూసి ఉలుల పెట్టె తెరిచింది. చాప పరిచింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాళ్ళు చాపుకుని, చెక్కని పాదాల మధ్య అదిమిపట్టింది. నేను కాల్చిన నల్లగీత పక్కన ఉలి ఆనించి చెక్క సుత్తితో కొట్టింది. నల్లగీతని వదిలి మిగతాదంతా తవ్వడమే పని. ఎక్కడ ఆగాలో గీత చెబుతోంది. ఇన్నేళ్ళూ నాంచారయ్య చెప్పని పాఠం నేను గీసి చూపించాను. నా జీవితంలో నేను గర్వపడాల్సింది ఏమైనా ఉంటే అదే.

నాంచారయ్య తిరిగి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఆమె చేతిలో సుత్తి గాల్లోనే నిలిచిపోయింది. ఎలా కూర్చుని ఉందో ఆయనకి కనపడదు, కానీ ఆ చప్పుడు ఎలా కూర్చుంటే వస్తుందో ఆయనకి తెలియనిది కాదు. తిడతాడనుకున్నాను.

"ఏడో నంబరు ఉలి. నిలబెట్టి కొడతన్నావు," అన్నాడు. "కాత్త పడుకోబెట్టు. లేపోతే గీత కిందనుంచి చీలుద్ది."

కర్ర పక్కన పెట్టి వచ్చి చాప అంచున కూర్చున్నాడు. ఆ వారమంతా అక్కడి నుంచి లేవలేదంటే అబద్ధం, అన్నానికి లేచేవాడు. చప్పుడు విని తప్పు చెప్పేవాడు. ఆమె రెండు వేళ్ళు కోసుకుంది. ఒక చెక్క పాడుచేసింది. తరవాతి చెక్క మీద శుక్రవారం నాటికి చిలకతీగ మొత్తం పైకి లేచింది. శనివారం పొద్దున షెడ్డులో అద్దారు. రేఖ స్పష్టంగా పడింది. చిలక ముక్కులో ఎరుపు, పువ్వులో ఎరుపు, ఎక్కడా గీత దాటలేదు. రామతులసమ్మ అప్పటికప్పుడు ఇంకో రెండు అచ్చులు చెప్పింది. ఇంటికొచ్చాక నాంచారయ్య ఆ అచ్చుని చాలాసేపు తడిమాడు గానీ బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఉలుల గురించి అడిగే ధైర్యం త్రిపురకి లేకపోయింది.

ఇప్పుడు నా పని బాగా తగ్గింది. గీత వేయడానికి కూడా అప్పుడప్పుడే పిలుస్తుంది. సన్నటి బొమ్మలకైతే నేను కావాలి, మిగతావి తనే పెన్సిలుతో గీసుకుంటుంది. నా మీద గుడ్డ కప్పి ఉంటుంది. ముందు కాస్త అసూయ పడ్డాను. నేర్పిన పని నేర్చుకుంటే ఏడవడమేమిటని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ ఆదివారం సంగతి చెప్పకుండా ఊరుకోలేను.

పదింటికి హైదరాబాదు పెద్దమనిషి కారులో దిగాడు. నాంచారయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల చాప మీద త్రిపుర కొత్త అచ్చు చెక్కుతోంది. ఉలులన్నీ ఆమె చుట్టూ ఉన్నాయి.

"ఏం తాతగారూ, పెట్టె రెడీయేనా?"

"ఇత్తానని నేను మాటిచ్చింది నిజమే బాబూ. అప్పుడవి నాయి. ఇప్పుడు కాదు."

"మరెవరివి?"

"మేస్త్రిగారు లోపల పనిలో ఉన్నారు. ఆవిడ లేచేదాకా కూర్చోండి. ఆవిడిత్తానంటే పట్టుకెళ్ళండి."

త్రిపుర చెయ్యి ఆగింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరవాత మళ్ళీ ఉలి మీద సుత్తి పడింది. పెద్దమనిషి గంటసేపు కూర్చున్నాడు. ఆమె లేవలేదు.