వాలు ఎక్కే గొంతు

2024 జనవరి 21, ఆదివారం. పొద్దున ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. ఆ తేదీని బుడేన్ సాహెబ్ ఎక్కడా రాసిపెట్టుకోలేదు కానీ, ఎవరడిగినా తడుముకోకుండా చెప్తాడు. మొదటి బజ్జీ తినేశాడు. రెండోది చేతిలో ఉండగానే గిడ్డమ్మ దుకాణం మెట్టెక్కింది. మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని ఉంది.

"రామ్మా గిడ్డమ్మా, కూర్చో. బజ్జీ తింటావా?"

"డాక్టరు కారం ముట్టొద్దన్యాడు సాయిబన్నా. చూపెట్టి ఉసురు పోసుకోవద్దు."

మాట బాగానే ఉంది. కొంచెం మసక బారింది, అంతే. అయితే బుడేన్ సాహెబ్‌కు కావలసింది మాట కాదు, పాట. దాని సంగతి అడగడానికి నోరు రాలేదు.

డోన్‌లో రైలు పట్టాల పక్క సందులో అతనిది పరుపుల దుకాణం. దూదేకే పని తాతల నాటిది. తండ్రి ఏకే విల్లు టంగుటంగుమని మోగుతుంటే ఇల్లంతా దూది లేచే కొంపలో పెరిగాడు. ఆ నారి మోత చెవిని వదల్లేదు. పడుచు వయసులో గుంతకల్లులో ఒక ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర, ఒళ్ళో పడుకోబెట్టి ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే గిటారు నేర్చుకున్నాడు. ఆర్కెస్ట్రా పోయింది, గిటారు మిగిలింది.

పదిహేనేళ్ళ కిందట ఒక పల్లెకు పరుపులు దించడానికి పోయినప్పుడు భజన గుడిలో గిడ్డమ్మ తత్వం పాడుతోంది. శెనక్కాయ చేలల్లో కలుపు తీసే మనిషి. చదువు లేదు, సంగీతం లేదు. కానీ పై స్వరానికి పోయేటప్పుడు ఆమె గొంతు మెట్లెక్కదు. ఎద్దులబండి గట్టెక్కినట్టు, కిందనుంచి బరువుతో, ఆగకుండా, వాలు ఎక్కుతుంది. బుడేన్ సాహెబ్ పరుపుల దుడ్లు అడగడం మరిచిపోయి ఇంటికొచ్చాడు.

అట్లా ఎక్కడం తన గిటారుకు చేతకాలేదు. నెల రోజులు తంటాలు పడి, పరుపుల గలీబులు కుట్టే పాత కుట్టుమిషను తల పీకేసి, ఆ స్టాండు మీద గిటారు బిగించాడు. కింది పెడలుకు సైకిలు బ్రేకు వైరు కట్టి, రెండో కొన మూడో తీగకు తగిలించాడు. పెడలు తొక్కితే ఆ తీగ ఒక్కటే బిగిసి, మోగుతూ మోగుతూనే పైకి పోతుంది. చూసినవాళ్ళు నవ్వారు. భార్య మాబీ అయితే, "పాటకు కుట్లేస్తావా ఏంది?" అంది. విన్నాక మాత్రం ఎవరూ నవ్వలేదు. అప్పటినుంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఆ స్టాండు ఆటోలో పల్లెకు పోతుంది, వస్తుంది.

సెప్టెంబరులో గిడ్డమ్మకు కర్నూలులో థైరాయిడ్ గడ్డ తీశారు. పైగొంతు రావచ్చు, రాకపోనూవచ్చు అని డాక్టరు ముందే చెప్పాడు. నాలుగు నెలలు ఆమె గుడి వైపు రాలేదు.

"ఈ పొద్దు పాడతాండా," అంది గిడ్డమ్మ.

బుడేన్ సాహెబ్ బజ్జీ ప్లేటులో పెట్టేశాడు. "హార్మోనియం హనుమన్నతో చెప్పి శృతి మూడుకు దించుకుందాం. ఎవరేమంటారు?"

"వద్దు. ఐదులోనే. దించితే గిడ్డమ్మ పని అయిపోయిందని ఊరంతా ముందే అనుకుంటాది."

"ఇంట్లో పాడి చూస్తివా?"

ఆమె తువ్వాలు కొస వేలికి చుట్టుకుంది. "ల్యా. భయమైంది."

ఆ భయం దేనికో బుడేన్ సాహెబ్‌కు తెలుసు. ఆ గుడిలో ఒక కట్టడి ఉంది. పాట ఎత్తుకున్నవాళ్ళ చేతిలో చిడతలు ఉంటాయి. పాట నడుమ తెగిందంటే ఆ చిడతలు పక్కవాళ్ళ చేతికి పోతాయి. మళ్ళీ వెనక్కి రావు. హార్మోనియం వాయించే పెద్దాయన హనుమన్నకు సొంత అన్న చిడతలు అట్లాగే పోయాయి. ఆ మనిషి తర్వాత పన్నెండేళ్ళు బతికాడు, గుడి గడప తొక్కలేదు.

ఆమె వెళ్ళాక అతని ధ్యాసంతా ఆ చిడతల మీదే పడింది. ఆ పొద్దు చెయ్యాలనుకున్న పని ఒకటుంది. పెడలు దగ్గర బ్రేకు వైరుకు రెండు పోగులు లేచిపోయాయి, కొత్తది వెయ్యాలి. ఆ సంగతి ఎటు పోయిందో పోయింది.

సాయంత్రం ఆరుకే గుడి నిండిపోయింది. గిడ్డమ్మ పాడుతుందని తెలిసి, ఎప్పుడూ రాని వాళ్ళు కూడా వచ్చారు. ముందు వరసలో కూర్చున్న శివజ్యోతి, గిడ్డమ్మ పక్కన వంత పాడే పిల్ల, బుడేన్ సాహెబ్ దగ్గరికి జరిగి గొణిగింది. "మామా, చిడతలు నా చేతికొస్తే నేను పట్టుకోను. ముందే చెప్తాండా."

"రావులే. నీ పాటికి నువ్వు వంత పాడు," అన్నాడు.

హనుమన్న హార్మోనియం తిత్తి కదిపాడు. ఐదు శృతి. గిడ్డమ్మ మేకుకు వేలాడుతున్న తన చిడతలు తీసుకుని కళ్ళకద్దుకుంది. తువ్వాలు విప్పి పక్కన పెట్టింది. మెడ మీద అడ్డగీత కనబడింది.

ఎండిన వంకలు ఏడు దాటి వస్తిని,
గుక్కెడు నీళ్ళకు నీ వాకిట నిలిస్తిని.

పల్లవి నిలబడింది. గొంతులో ఇసుక చేరింది కానీ, ఇసుక కింద ఊట ఉంది. బుడేన్ సాహెబ్ కడ్డీని తీగల మీద తేలిగ్గా ఆనించి ఆమె వెనకే నడిచాడు. జనం కుదురుకున్నారు. చిక్కంతా చరణంలో ఉంది. అక్కడ మళ్ళీ వచ్చే 'వాకిట' అన్న మాట పై స్వరానికి పోవాలి.

గిడ్డమ్మ ఎత్తుకుంది. సగం దాకా ఎక్కింది. అక్కడ గొంతు ఆగింది. పగల్లేదు, దగ్గు రాలేదు. పైన దారి లేదు, అంతే. ఆమె కళ్ళు అతని వైపు తిరిగాయి. బుడేన్ సాహెబ్ పెడలు తొక్కాడు. ఆమె ఆగిన చోటనే అందుకుని తీగ మెల్లగా, బరువుగా, ఆమె ఎక్కేట్టే ఎక్కి పైన నిలిచింది. ఆ మాటలో ముందు సగం గిడ్డమ్మది, వెనక సగం ఉక్కుది. వెనక కూర్చున్న ముసలాయన ఎవరో "ఆహా" అన్నాడు.

హనుమన్న మాత్రం తల తిప్పి పెడలు మీద ఉన్న కాలిని చూశాడు.

రెండో చరణం. మళ్ళీ ఆమె సగం దాకా వచ్చింది. బుడేన్ సాహెబ్ మళ్ళీ తొక్కాడు. కాలికింద 'టప్'మంది. పెడలు వదులుగా నేలకు తగిలింది. పొద్దున మరిచిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

గిడ్డమ్మ పాట గాలిలో ఆగిపోయింది. హార్మోనియం ఒక్కటే పై స్వరం పట్టుకుని, ఆమె రాలేని చోటును అందరికీ చూపెడుతున్నట్టు మోగుతోంది. శివజ్యోతి రెండు చేతులూ ఒళ్ళో దాచుకుంది.

పైకి పోయే దారి తెగింది. ఇక ఉన్నది కిందికే. బుడేన్ సాహెబ్ ఆలోచించలేదు. కడ్డీని వెనక్కి లాగాడు. స్వరం జారింది, ఐదు నుంచి నాలుగుకు, నాలుగు దాటి ఇంకా కిందికి. మూడు దగ్గర ఆపి, అక్కడ కడ్డీని సన్నగా వణికిస్తూ ఆమె కోసం నిలబడ్డాడు. హార్మోనియానికీ దీనికీ పొత్తు కుదరక చెవులు గీరుకుపోతున్నాయి. ఇంకొక్క క్షణం అట్లా సాగితే నవ్వులపాలే.

హనుమన్న తిత్తి ఆపేశాడు. అరచేత్తో హార్మోనియం పెట్టె చెక్క మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. గిడ్డమ్మ వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. తాళం మాత్రం తప్పలేదు.

గిడ్డమ్మ కళ్ళు మూసుకుంది. కిందనుంచి, మూడులోనుంచి, 'వాకిట' అంది. అది పాత గొంతు కాదు. బావిలో చేద నీళ్ళను తాకినట్టుంది. అక్కడినుంచి మళ్ళీ ఎక్కింది, తొందర లేకుండా, తన బరువు తానే మోసుకుంటూ. వాలు చిన్నదైంది, ఎక్కే తీరు అదే. పదిహేనేళ్ళుగా బుడేన్ సాహెబ్ ఆ ఎత్తునే ప్రేమించానని అనుకున్నాడు. కాదు, ఎక్కడాన్ని. అతని కడ్డీ ఆమె పక్కనే, భుజం భుజం రాసుకుంటూ పోయింది. చివరి చరణం దాకా జనంలో ఒక్క దగ్గు లేదు.

పాట ముగిసింది. జనం లేచి దీపానికి దండం పెట్టి ఇళ్ళకు పోసాగారు. గిడ్డమ్మ చిడతలు రెండు చేతులా పట్టుకుని హనుమన్న ముందుకు వచ్చింది. బుడేన్ సాహెబ్ స్టాండు మర విప్పుతున్నవాడు ఆగిపోయాడు.

"మామా, నువ్వు చూస్తివి. మొదటిసారి వాకిటకు పోయింది నేను కాదు, సాయిబన్న కాలు. రెండోసారి నా పాట ఆగింది. తీసుకో."

హనుమన్న హార్మోనియం మూత వేసి దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మా అన్న పాట ఆగినపొద్దు," అన్నాడు, "నేనే హార్మోనియం మీద ఉన్యా. శృతి దించల్యా, తాళమూ వెయ్యల్యా. చూస్తా కూర్చుంటి. ఈ పొద్దు తాళం ఆగల్యా గిడ్డమ్మా. తాళం ఉన్నంతసేపు పాట ఉన్నట్టే. ఎవరన్నా అడిగితే నా దగ్గరికి రమ్మను."

"మామా..."

"వచ్చే వారం మూడు శృతి పెడతా. ఏమప్పా బుడేన్, ఆ బ్రేకు వైరు కూడా కొనలేనంత కష్టమొచ్చిందా నీకు?"

"పొద్దున్నే కొందామనుకుంటి పెద్దాయనా. బజ్జీ కాడ మరిస్తి."

"బజ్జీ కాడ ప్రాణాలు తీస్తివి గదప్పా."

గిడ్డమ్మ నవ్వింది. ఆ నవ్వూ మూడులోనే ఉంది. నవ్వుతూనే చిడతలు హార్మోనియం పక్కన పెట్టి, అరుగు మీదికి పోయి, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. బుడేన్ సాహెబ్ స్టాండు ఆటోకు ఎక్కించి వచ్చేసరికి ఆమె అట్లాగే, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది. నాలుగు నెలల నిద్ర అది. అతను చప్పుడు చెయ్యకుండా పక్కన నిలబడ్డాడు.

లోపల హనుమన్న దీపం సర్ది, చిడతలు తీసుకుని గిడ్డమ్మ మేకుకే తగిలించాడు. మేకు కదులుతుందేమోనని ఒకసారి నొక్కి చూశాడు. ఆ గుడి తలుపు నేలకు రాసుకుని కీచుమంటుంది, ఊరందరికీ తెలుసు. అరుగు వైపు ఒకసారి చూసి, డెబ్బై ఏళ్ళ మనిషి, రెండు చేతులా తలుపు రెక్కను కాస్త పైకి లేపి పట్టుకుని, చప్పుడు కాకుండా మూశాడు.