ఎవరూ దిగని నీళ్లు

వలలు తగలబడుతున్నాయి. పట్టపగలు, అందరి కళ్లముందే, రిజర్వాయరు గట్టు మీద ఆరేసిన ఇరవై ఇళ్ల వలల్ని అటవీశాఖ గార్డులు కుప్పపోసి నిప్పు పెట్టారు. నైలాను నల్లగా కరిగి రాళ్లకు అంటుకుంటోంది. ఒక్కో వల అల్లడానికి రెండేసి నెలలు పట్టింది.

పక్కనే కొత్త బోర్డు: "పక్షుల రక్షిత ప్రాంతం. జాలరులకు ప్రవేశం లేదు." ఆ బోర్డుకి పదడుగుల దూరంలో కాంట్రాక్టరు మోటారు పడవలకు కట్టిన రేవుకి రంగులేయిస్తున్నాడు. నగరం నుంచి షికారుకొచ్చే జనాన్ని సరిగ్గా గూళ్ల కిందికే తీసుకెళ్లి చూపిస్తాడట! అంటే తెడ్డు చప్పుడుకి బెదిరిపోయే పక్షి, మోటారు రొదకి మాత్రం జోకొట్టినట్టు నిద్రపోతుందన్నమాట. ఎవరి చెవిలో పువ్వు పెడతారయ్యా?

"మా నోటికాడ కూడు లాక్కుంటారా?" అని జనం మీదికి పోతే అటవీశాఖ ఆఫీసరు తాపీగా కాగితం తీశాడు.

"వినండి. 'తూర్పుమూల చేపలవేట లేదు. అటు ఎవరూ నీళ్లలోకి దిగరు.' కింద వేలిముద్ర మీ మనిషిదే."

"ఎవరిది?"

"అదిగో, ఆవిడది."

అందరూ వదిన వైపు తిరిగారు. ఆమెకు మరుదులు ఇద్దరే. అయినా ముసలాళ్లతో సహా ఆ పేటంతటికీ ఆమె వదినే.

ఆ నీళ్ల మీద వాళ్లకో కట్టుబాటు ఉంది. తూర్పుమూల మునిగిపోయిన చెట్ల మీద కొంగలు తొలి గుడ్డు పెట్టగానే, ఆ మూల మొదట్లో ఎర్రగుడ్డ కట్టిన గెడ పాతాలి. పిల్లలు ఎగిరేదాకా నాలుగు నెలలు గెడ దాటి పడవ పోకూడదు. కొంగల రెట్ట పడ్డ నీళ్లలోనే చేప బలుస్తుంది. మిగిలిన ఎనిమిది నెలలూ పేటకి అన్నం పెట్టేది ఆ మూలే. మామ పోయాక గెడ పాతే పని వదినది. నిరుడు సర్వేవాళ్లు సరిగ్గా గుడ్ల కాలంలోనే వచ్చారు. వదినే తన పడవలో గెడ దాకా తీసుకెళ్లి, "చూడండయ్యా, మావాళ్లెవరూ ఇటు దిగరు" అని పొంగిపోతూ చెప్పి, వాళ్లు రాసుకున్న కాగితం మీద వేలిముద్ర వేసింది. ఎనిమిది నెలల సంగతి చెప్పాలని తట్టనే లేదు. అందరికీ తెలిసిందే కదా అనుకుంది.

మధ్యాహ్నం వలల షెడ్డులో మీటింగు. చిన్నమరిది నిప్పులు తొక్కిన కోతిలా గెంతుతున్నాడు.

"పక్షులుంటేనే కదా ఈ బోర్డు! గూళ్లన్నీ దులిపేద్దాం, పీడా పోతుంది!"

సగం మంది "అవును, దులిపేద్దాం" అన్నారు. వదినకి ఒళ్లు మండిపోయింది.

"నోర్ముయ్ రా! తప్పు నాది. గొప్పకి పోయి వేలిముద్ర వేశాను. నన్ను తిట్టండి, పడతాను. గుడ్ల జోలికి పోతే మాత్రం ఊరుకోను."

"గుడ్లు చూసుకుంటూ పస్తులుందామా?" అని ఎవరో అరిచారు.

నగరానికి నీళ్లు తోడే పంపుహౌసులో పనిచేసే మేస్త్రీ అప్పుడు నోరు విప్పాడు. "మీరు గూళ్లు దులపాలనే ఆ ఆఫీసరు కాచుక్కూర్చున్నాడర్రా. రేపు పేపర్లో మీ ఫోటో పడుతుంది. ఇక జన్మలో మిమ్మల్ని నీళ్లు తాకనివ్వరు."

షెడ్డు చల్లబడింది. వదిన మెల్లగా అంది. "రేపు మోటారు పడవల ప్రారంభోత్సవం కదా. ఇది గుడ్ల కాలం, గెడ పాతే ఉంది. మోటారు పడవని గెడ దాటనివ్వం. మూల మనది, దాన్ని కాచిందీ మనమే. కాలకుండా మిగిలిన వలలుంటే ఇంట్లోనే వదిలేసి రండి. తెడ్డు తప్ప ఇంకేం వద్దు."

"నిన్ను పట్టుకుపోతే?" అన్నాడు చిన్నమరిది.

"నా పక్క పడవ నీదే కదరా."

తెల్లారేసరికి గెడకి ఇవతల పడవ పక్కన పడవ, అంచులు ఆనించి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. డ్యూటీ దిగిన పంపుహౌసు వాళ్లు గట్టు మీద నిలబడ్డారు. పూలదండల మోటారు పడవ గుడగుడలాడుతూ వచ్చింది. అందులోంచి ఆఫీసరు మైకు పట్టుకున్నాడు.

"మీవల్ల పక్షులకు ఇబ్బంది కలుగుతోంది! వెనక్కి వెళ్లండి!"

"మోటారు ఆపి చెప్పు బాబూ, వినపడట్లేదు!" అన్నారెవరో. నీళ్లన్నీ నవ్వాయి.

నవ్వు ఆఫీసరుకి గుచ్చుకుంది. పోలీసుల పడవ ముందుకొచ్చింది. ఇద్దరు వదినని రెక్క పట్టి లాగారు. ఆమె తెడ్డుని పడవలోనే వదిలేసి గొంతు చించుకుంది. "కాగితం తియ్యవయ్యా! ఇవాళ అందరం దిగామని రాసుకో! ఎనిమిది నెలలు దిగుతాం, నాలుగు నెలలు కాస్తాం, అదీ రాసుకో!"

ఆమెతో పాటు పడవనీ తాడు కట్టి లాక్కుపోయారు. వరసలో సందు పడింది. మోటారు పడవ అటు మళ్లింది. అది వచ్చేలోపే, నిన్న గూళ్లు దులుపుతానన్న చిన్నమరిది తన పడవని అడ్డంగా తిప్పి సందు మూసేశాడు.

గట్టు మీద ఆపిన పోలీసు వ్యానులోకి ఎక్కించాక వదిన ఊచల్లోంచి చూసింది. వాణ్ణీ లాగేశారు. వాడి చోటులోకి, జన్మలో తెడ్డు పట్టని చేపలమ్మే ముసలమ్మ అడ్డదిడ్డంగా తోసుకుంటూ పోతోంది. గట్టు మీదున్న మేస్త్రీ చొక్కా విప్పకుండానే నీళ్లలోకి దిగాడు. వెనక అతని మనుషులు. మోటారు చప్పుడు ఆగిపోయింది.

"ఎంతమందిని కుక్కుతారయ్యా ఇందులో?" అంది వదిన.

"జరుగమ్మా, ఇంకా వస్తున్నారు" అన్నాడు కానిస్టేబులు విసుగ్గా.

వదిన సర్దుకుని కూర్చుని చోటిచ్చింది.