కండ్లు తెరిచిన పెసలు

పెళ్లయి కోస్గి దగ్గరి ఆ పల్లెకు వచ్చినప్పటి నుంచి పుష్పమ్మకు కనిపించినదల్లా ముద్దొస్తోంది. గోడలకు అలికిన ఎర్రమన్ను వాసన, నీళ్ల కుండను ఆనుకుంటే చెంపకు తగిలే చల్లదనం, దూలం మీద కాపురం పెట్టిన పిచ్చుకల పొద్దుటి జగడం, అన్నీ తనకోసమే ఎవరో అమర్చిపెట్టినట్టున్నాయి. ఇక బడిలో పాఠాలు చెప్పి వస్తూ, ఎవరూ చూడటం లేదని నిశ్చయం చేసుకుని వాకిట్లోంచే కన్నుగీటే పెనిమిటి ఇస్రాయేలు సంగతి చెప్పనే అక్కర్లేదు. హైదరాబాదు హాస్టల్లో ఉండి కాలేజీ చదివిన పిల్ల పల్లెలో నాలుగు రోజులు కూడా నిలవదని చుట్టాలు గుసగుసలాడారు. ఆమె మాత్రం కట్టెల పొయ్యి ఊదుతూ, పొగకు కన్నీళ్లు కారుస్తూ, తనలో తాను నవ్వుకుంటూ తిరుగుతోంది.

ఆ నవ్వు ఒకనాటి మధ్యాహ్నం ఆగిపోయింది.

ఇస్రాయేలుకు తల్లి లేదు. అతన్ని పెంచి పెద్దచేసింది నాయనమ్మ పుల్లమ్మ. ఆ పూట అవ్వ జొన్నరొట్టె కొరికి పక్కన పెట్టింది. కొరికిన అంచు ఎర్రగా తడిసి ఉంది.

"ఇదేందవ్వా, నెత్తురు!"

"ఏంగాదు బిడ్డా. ఎండలకు పండ్లు గూడ ఏడుస్తున్నయ్," అంటూ అవ్వ ఆ అంచు తుంచి కోడిపెట్టకు వేసింది.

అవ్వ కాళ్లు చాపుకున్నప్పుడు పుష్పమ్మ చూసింది. పిక్కల మీద ఎవరో బొటనవేలితో అదిమినట్టు నీలం మచ్చలు. ఈ మధ్య అవ్వ చెల్క దాకా నడవలేక సగం దారిలోనే గట్టు మీద కూలబడుతోందని మామ ఏసోబు చెప్పనే చెప్పాడు. ఆ చెల్క ఈ ఏడే సర్కారు పట్టా ఇచ్చిన రాళ్ల నేల. బతుకంతా ఒకరి పొలాల్లో విత్తనం పెట్టిన అవ్వకు ఒక్కటే కోరిక. మొదటి వానకు సొంత నేలలో తన చేత్తోనే విత్తనం పెట్టాలి.

"ఆ ఒక్క పనైతే చాలు. ఇగ దేవుడు ఎప్పుడు పిలిస్తె అప్పుడు పోత," అంటుంది, పక్క వీధికి పోయొస్తానన్నంత తేలిగ్గా.

ఆ ఎండాకాలం ఊరి బావి అడుగంటి ఆకుకూర మాటే లేదు. రొట్టె, చింతపండు పులుసు, మళ్లీ రొట్టె. పండ్లూ కూరగాయలూ తినకపోతే చిగుళ్లు చెడతాయని కాలేజీలో చెప్పిన పాఠం పుష్పమ్మకు గుర్తొచ్చింది. ఎండుగింజలో దొరకని జీవసత్వం ఆ గింజ నానిపోయి మొలకెత్తగానే మేలుకుంటుందట. చిగుళ్లు గట్టిపడతాయి, ఒంటికి సత్తువ వస్తుంది. అందులోనూ పెసలు కడుపుకు బరువు కావు, ముసలివాళ్లకూ అరుగుతాయి.

ఆ సాయంత్రమే డబ్బాలో ఉన్న పెసలన్నీ నానబోసింది. మర్నాడు తడిగుడ్డలో మూటగట్టి కిటికీ ఊచకు వేలాడదీసింది. మూట నుంచి చుక్క చుక్కగా నీళ్లు రాలుతుంటే, దాని కింద కూర్చుని చెవి ఆనించింది.

"ఏం ఇంటున్నవ్?" అన్నాడు ఇస్రాయేలు బడినుంచి వచ్చి.

"ష్... పొట్టు పగులుతాంది. ఇనొస్తలేదా?"

అతనూ పక్కనే కూర్చుని చెవి పెట్టాడు. ఇద్దరి తలలూ తగిలాయి. వినిపించింది పొట్టు చప్పుడో, ఒకరికొకరి గుండె చప్పుడో తెలియలేదు. పచ్చి వాసనతో కలిసిన చల్లదనం ఇద్దరి ముఖాల మీద పడుతోంది. బయట ఎండకు రాళ్లు కూడా కాగుతున్న వేళ, ఆ మూట కింద మాత్రం చిన్న వానాకాలం ఉంది.

మరునాడు పొద్దున మూట విప్పితే పెసలన్నీ తెల్లటి తోకలతో ఒకదాన్నొకటి అల్లుకుని ఉన్నాయి. ఉల్లిగడ్డ తరిగి, ఉప్పు చల్లి, ఇంటికంతటికీ మిగిలిన ఒకే ఒక నిమ్మకాయ పిండి, గిన్నెలో పెట్టి అవ్వ ముందుంచింది.

అవ్వ చూసింది. చెయ్యి చాపలేదు.

"గిది నేను తినను బిడ్డా."

"ఎందుకవ్వా? మెత్తగ నమలొచ్చు. పండ్ల నెత్తురు ఆగుతది, కాళ్లకు బలమొస్తది. నేను చదువుకున్న."

"నువ్వు చదివినవ్, కాదంటనా? గింజ నిద్రపోయినన్ని దినాలు మనది. ఉడికించుకో, ఇసురుకో, ఏమన్న జేస్కో. కండ్లు తెరిచినాంక అది మన్నుది. మన్ను మొకం సూడని మొలకను నోట్లె ఎట్లేసుకుంటం? పాలు తాగని పసిగుడ్డ లెక్క గాదూ?"

పుష్పమ్మ బతిమాలింది, అలిగింది, చివరికి నవ్వించబోయింది. అవ్వ కదల్లేదు. ఆ గిన్నె ఇస్రాయేలు ఖాళీ చేశాడు.

"బడిల పోరగాండ్లే నా మాట ఇనరు. అవ్వ నీ మాట ఇంటదనుకున్నవా?" అన్నాడు కరకరా నములుతూ. "మంచిగున్నయ్. గిట్లనే రోజూ అలుగు. రోజూ నేనే తింట."

"నీకేం జబ్బు పుట్టిందని తింటవ్?"

"కొత్త పెండ్లాం జబ్బు," అన్నాడు. వీపు మీద చరిచింది.

అయినా ఆమె ఆశ చావలేదు. ఒకసారి రుచి చూస్తే చాలు, అవ్వే అడుగుతుంది అనుకుంది. మళ్లీ నానబోద్దామంటే డబ్బా ఖాళీ. వెతగ్గా వెతగ్గా ధాన్యం గుమ్మి వెనుక ఒక చిన్న మట్టి గురిగి దొరికింది. ఎవరో మూత తీసి మరిచినట్టుంది. లోపల పెసలే, కానీ బూడిదంతా పడి, ఎండు వేపాకులు కలిసి, చూడ్డానికే జాలిగా ఉన్నాయి. పాపం, ఎప్పటి నుంచి ఇలా పాడై పడున్నాయో! పుష్పమ్మ వాటిని ఒక్కొక్కటీ ముద్దు చేసినట్టు కడిగింది. బూడిద వదిలి పచ్చగా మెరిసేసరికి ఆనందంతో ఒక పాట కూడా పాడుకుంది. నానిన పెసల్ని మర్నాడు సాయంత్రం మూటగట్టి కిటికీకి వేలాడదీసింది.

కాసేపటికి ఆకాశం మూలనుంచి నల్లగా లేచింది. తడిమన్ను వాసన ముందొచ్చింది, తర్వాత వాన వచ్చింది. ఊరంతా వాకిళ్లలోకి పరుగెత్తింది. పుష్పమ్మ అరచేతులు చాపుకుని చూరు కింద నిల్చుంది. అవ్వ చేతులు జోడించి ఏదో గొణుక్కుంటూ కూర్చుంది. చెవులకు వాన తప్ప ఇంకేమీ వినిపించని ఆ కాసేపు, ప్రపంచంలో కష్టమనేది లేనట్టే ఉంది.

తెల్లారగానే అవ్వ గుమ్మి వెనక్కి వెళ్లింది.

"ఏసోబూ! గురిగి ఏడపోయింది? ఇత్తనం పెసలు ఏడివిరా?"

పుష్పమ్మ చేతిలో చెంబు జారింది. కిటికీ వైపు వేలు చూపింది. అవ్వ మెల్లగా నడిచి వెళ్లి, మూటను ఊచ నుంచి విప్పి, నేల మీద కూర్చుని ముడి తీసింది. గుడ్డలో పెసలు ఉబ్బి, నున్నగా మెరుస్తున్నాయి. ప్రతి గింజ పక్కనా తెల్లటి చుక్క.

"బూడిద కడిగినవా!" అంది అవ్వ. "పురుగు పట్టొద్దని పూసిన బూడిద! ఎండకు పెడుదమని మూత తీసి మరిస్తి, నువ్వు ముత్యాల లెక్క కడిగిపెట్టినవ్!"

"అవ్వా... నాకు తెల్వలే. పాడైనయ్ అనుకున్న," పుష్పమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెల్కకు మొదటి విత్తనం, అవ్వ ఏడాదంతా దాచిన విత్తనం. తన చేతులతోనే పాడుచేసింది.

మామ తలపట్టుకున్నాడు. ఇస్రాయేలు భార్య వైపూ అవ్వ వైపూ మార్చి మార్చి చూశాడు. అవ్వ మాత్రం ఒక గింజను వేలికొనల మధ్య పెట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. ఆమె ముఖం మెల్లగా విప్పారింది.

"సుక్కనే వచ్చింది. తోక రాలే," అంది. "మన్ను తడిగున్నది. ఎండ ముదరకముందే పెట్టాలె. ఏడుపు తర్వాత ఏడుద్దువు గని, లెవ్ బిడ్డా! గుడ్డ తడుపు. ఏసోబూ, ఎడ్లు అడిగి తే పో!"

చెల్కలో అడుగు పెడితే పాదాలు చల్లగా దిగబడుతున్నాయి. ఏసోబు పక్కింటి ఎడ్లతో నాగలి సాలు తీస్తుంటే, తడిగుడ్డ కప్పిన గంప పట్టుకుని పుష్పమ్మ నడిచింది. అవ్వ ఆమె భుజం ఆసరాగా వంగి వంగి సాలులో గింజలు జారవిడిచింది. మధ్యలో ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్లీ నడిచింది. వెనకాలే ఇస్రాయేలు కాలితో మన్ను కప్పుతూ వచ్చాడు. అవ్వ వేళ్లు గింజలను గిచ్చకుండా, అదమకుండా, నిద్రపోయే పిల్లను మంచం మీద పడుకోబెట్టినట్టు వదులుతున్నాయి. ఎర్రమన్ను ఒకటొకటిగా ఆ తెల్లచుక్కల్ని కప్పేసింది.

చివరి సాలు అయ్యేసరికి గంపలో పిడికెడు మిగిలాయి. అవ్వ గట్టు మీద కూర్చుంది. ముఖం అలసి ఉంది, కళ్లు మాత్రం నేలంతా తిరుగుతున్నాయి.

"మన్ను పాలు మన్నుకు ఇచ్చిన," అంది నెమ్మదిగా. తర్వాత పుష్పమ్మ వైపు తిరిగింది. "ఇగ నా పాలు ఇటు తే."

పుష్పమ్మ అర్థం కానట్టు చూసింది. అవ్వ తనే గంపలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. పుష్పమ్మ దగ్గరికి జరిగింది.

"ఎట్లున్నయ్ అవ్వా?"

"పచ్చి వాసనున్నది... కొసకు తియ్యగున్నది." ఇంకో నాలుగు. "ఉప్పు గూడ తేలే. గింత సదివి ఉప్పు మరుస్తరా?"

పుష్పమ్మ ఏడుస్తూ నవ్వింది.

ఆ రోజు నుంచి ఇంట్లో మూట ఆరలేదు. ఇస్రాయేలు కోస్గి సంతనుంచి పెసలు తెచ్చేవాడు. పొద్దున్నే అవ్వ మొలకల గిన్నె ముందు పెట్టుకుని, ముందు రెండు గింజలు వాకిట్లోని మట్టిలోకి విసిరేది, ఆ తర్వాతే తినేది. విసిరినవి కొన్ని కోడిపెట్ట తినేసింది, కొన్ని గడప పక్కనే మొలిచాయి. ఎవరూ పీకలేదు.

చెల్కలో పెసరచెట్లు పూతకొచ్చిన నాడు అవ్వ ఎక్కడా కూర్చోకుండా నడిచి వెళ్లింది. గట్టు మీద జొన్నరొట్టె విప్పి, ఒక్క కొరుకు కొరికి, పుష్పమ్మ చూపు తన చేతి మీదే ఉందని గమనించి, ఆ రొట్టెను ఆమె ముఖం ముందుకు జరిపింది.

కొరికిన అంచు తెల్లగా ఉంది.

"సూసినవ్ గదా. ఇగ నా నోరు సూసుడు బంజేసి నీ రొట్టె తిను, సల్లారుతాంది," అంది అవ్వ.