మేకకు పోయిన ఇడ్లీలు

సంజీవి మామ పళ్ళెం రోజూ ఖాళీ అవుతా ఉంది, మనిషి మాత్రం చిక్కిపోతా ఉన్నాడు. కోడలు ఆనందికి ఈ వింత అంతుపట్టలేదు. నిన్న డాక్టరమ్మ తూకం చూసి కోపపడింది. "నెలలో నాలుగు కిలోలు తగ్గినాడు. ఇట్లైతే కీమో ఎట్ల మొదలుపెట్టేది? ముందు బాగా తిండి పెట్టండి." పెట్టకనా! పదకొండేళ్ళుగా వండి పెడతా ఉన్న మనిషిని పట్టుకొని ఎంత మాట!

నెల కిందట మామ పేగులో క్యాన్సరు గడ్డ పెరిగి దారి మూసేసింది. కడుపు ఉబ్బి వాంతులైనా ఆ పెద్దాయన ఐదు రోజులు నోరు విప్పలేదు. ఎవరికి చెప్పేది? కోడలి ముఖం చూసి మాట్లాడే మామ కాదు. నీళ్ళు కావాలన్నా "ఇంట్లో ఎవరున్నారు?" అని గోడనడిగే రకం. చివరికి ఉన్నపళంగా ఆపరేషను చేసి గడ్డ తీసేసినారు. పేగు కొన కడుపు మీదికి తెచ్చి, మలం పడేదానికి సంచి తగిలించినారు. కీమో అయినాక మళ్ళీ కలుపుతామన్నారు. సంచి మార్చేది కొడుకు మణికండన్, అదీ సాయంత్రం మిల్లు నుంచి వచ్చినాకే.

ఈ పొద్దు ఆనంది పనికి పోకుండా తలుపు చాటున నిలబడింది. మామ పెరటి గోడకు ఒరిగి, ఇడ్లీలు ఒక్కొక్కటే పక్కింటి పాండియమ్మాళ్ మేకకు అందిస్తా ఉన్నాడు.

"మామా!"

ఉలిక్కిపడి వెనక్కి తిరిగినాడు. గోడకు రాసుకొని సంచి ఊడింది, పంచె తడిసింది.

"తింటే సంచి నిండుతుంది కదా," అన్నాడు గోడతోనే. "పగలు మార్చేవాళ్ళెవరు? మణిని రమ్మనండి. ఎవరూ దగ్గరికి రావద్దు."

"ఆయన నాలుగు గంటలకు గానీ రారు." ఆనందికి కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చినాయి. "కంపెనీలో ఇన్నేళ్ళుగా బ్యాండేజీ గుడ్డ మడతపెడతా ఉన్నాను మామా. ఎవరెవరి పుండుకో పోతుంది. మన ఇంటి పుండుకే నా చెయ్యి పనికిరాదా?"

ఆయన లోపలికి నడిచినాడు. పోయి మంచం మీద పడుకొని ముఖం తిప్పుకున్నాడు. ఆమె గోరువెచ్చని నీళ్ళతో తుడిచింది. చిన్న టమాటా అంత ఎర్రగా ఉంది పేగు కొన, చుట్టూ చర్మం ఒరిసిపోయింది. అయ్యో పావం, ఎంత మంటో! కొత్త సంచి అతికించి చేత్తో మెల్లిగా అదిమి పట్టుకుంది.

అప్పుడే సంచిలో బుర్రుమని చప్పుడైంది. ఆయన సిగ్గుతో తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

ఆనంది నవ్వేసింది. "దీనికోసమే కదా మామా, ఆపరేషనైనాక పేగు కదిలిందో లేదోనని డాక్టరమ్మ మూడు రోజులు 'గాలి పోయిందా, గాలి పోయిందా' అని అడిగింది! పోయిందన్నాక నేను మారియమ్మన్‌కు టెంకాయ కొట్టినాను."

తువ్వాలు అదిరింది. నవ్వినాడో, ఏడ్చినాడో. దాని కిందనుంచి గొంతు వచ్చింది. ఈసారి గోడతో కాదు.

"ఆనందీ... ఇడ్లీ ఇంకా ఉందామ్మా?"