సమాధి మీది సింహం

నేను ఒక నల్లరాతి పలకను. మేత బీడు తగాదాలో కత్తిపోట్లకు చనిపోయిన గొర్రెల కాపరి బీరప్ప సమాధి దగ్గర పాతడానికి నన్ను తెచ్చారు. కొండలో ఉన్నన్నాళ్లూ నాకు పగంటే తెలియదు. మనుషుల చేతిలో పడ్డాకే తెలిసింది.

బీరప్ప అన్న సోమలింగప్ప శిల్పి నాగలింగాచారికి గట్టిగా చెప్పాడు. "సింహాన్ని చెక్కు ఆచారీ. నోరు తెరుచుకోనుండల్ల. చూసినప్పుడల్లా వాని కొడుక్కి నెత్తురు ఉడకల్ల."

బతికున్నప్పుడు బీరప్ప వీధికుక్క మొరిగినా పక్కకు తప్పుకునేవాడట. పోయాక సింహమైపోయాడు.

మర్నాడు బీరప్ప భార్య మద్దమ్మ ఒంటరిగా వచ్చింది. "గొర్రెపిల్లను చెక్కు సామీ. ఆయప్ప గొర్రెపిల్లల్ని మెడమీద ఏసుకోని వచ్చాండె. నాకుండేది ఒగడే కొడుకు. ఆ సింహం వాన్ని తింటాది."

గుమ్మానికి ఏనుగును చెక్కితే ఇంట్లోవాళ్లకు నిదానం అబ్బుతుందని నమ్మే మనిషి ఆచారి. సమాధికి సింహాన్ని చెక్కితే ఏమవుతుందో అతనికి తెలుసు. తెలిసీ, సోమలింగప్పకు భయపడి సింహాన్నే చెక్కాడు. నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత నన్ను బోర్లా తిప్పి, భూమిలోకి పోయే భాగంలో, మెడమీద గొర్రెపిల్లతో నవ్వుతున్న మనిషిని చెక్కాడు. పాతిపెట్టే చోట ఎవరూ ఉలి పెట్టరు, ఎవరూ చూడరు. మద్దమ్మకు మాత్రం చూపించాడు.

సంవత్సరీకం నాడు సోమలింగప్ప అందరి ముందూ బీరప్ప కొడుకు ఉరుకుందు చేతికి వేటకొడవలి ఇచ్చాడు. ఉరుకుందు ఆటో నడుపుకునేవాడు.

"సింహం మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్. మీ నాయన్ను చంపినోన్ని వదలనని చెప్పు."

ఉరుకుందు నా మీద చెయ్యి పెట్టాడు. అంతలో మద్దమ్మ గడ్డపారతో ముందుకొచ్చింది.

"ఒట్టు ఏసేముందు మీ నాయన్ను చూసిపో. ఎనకపక్క తవ్వు."

ఉరుకుందు కొడవలి కింద పెట్టి తవ్వాడు. ముందు గొర్రెపిల్ల చెవులు, తర్వాత తండ్రి ముఖం బయటపడ్డాయి. మట్టి తుడిచి చాలాసేపు చూశాడు.

"నన్నూ ఇట్లే ఎత్తుకుంటాండె గదమ్మా," అన్నాడు.

గడ్డపార నా కిందికి దూర్చి బలమంతా పెట్టి ఎత్తాడు. సోమలింగప్ప అరుస్తూనే ఉన్నాడు. నేను ముందుకు కూలాను. సింహం నోట్లో మట్టి పడింది.

అప్పటినుంచి బోర్లానే ఉన్నాను. మనుషుల్ని తెచ్చి మళ్లీ నిలబెడతానని సోమలింగప్ప అంటూనే ఉన్నాడు. ఎప్పుడొస్తాడోనని నాకు దిగులే. సాయంత్రమైతే మద్దమ్మ వచ్చి, గొర్రెపిల్ల పక్కన నా మీదే కూర్చుని దారి చూస్తుంది. కొడుకు ఆటో చప్పుడు వినపడ్డాకే లేస్తుంది.